పాత మియాటా మైలేజీ పడిపోతుంటే: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ 1992 మాజ్డా మియాటా కారు మొదట్లో గ్యాలనుకు 27 మైళ్ళు ఇచ్చేదనీ, ఇప్పుడు 21కి దిగిందనీ, డాలస్‌లోని నీ స్నేహితులు ఆక్సిజన్ సెన్సరు (పొగలో ఆక్సిజను ఎంత ఉందో చూసేది), ఇంజెక్టర్లు (ఇంజనుకు పెట్రోలు చిమ్మేవి), పెట్రోలు పంపు అన్నీ ఒకేసారి మార్చెయ్యమంటున్నారనీ రాశావు. మన లెక్కలో చెప్పుకోవాలంటే లీటరుకు పదకొండున్నర కిలోమీటర్లు ఇచ్చే బండి తొమ్మిదికి వచ్చింది. ఇది పట్టించుకోవలసిన తగ్గుదలే. అయినా జబ్బేమిటో తేలకుండా మందులు కొనవద్దు. ముప్పై ఏళ్ళు దాటిన బండిలో ఏ భాగాన్ని చూసినా అనుమానించవచ్చు కాబట్టి, అనుమానం ఒక్కటే ఆధారంగా పని మొదలుపెడితే బండి ఖరీదంత సొమ్ము విడిభాగాలకే పోతుంది.

అన్నిటికన్నా ముందు, మైలేజీ నిజంగా పడిపోయిందో లేదో తేల్చుకో. ముల్లు సగానికి దిగిందని నింపించి వేసిన లెక్క లెక్క కాదు. నీ బండి ట్యాంకు పట్టేది 12 గ్యాలన్లకు కాస్త తక్కువ. అందులో ఒక్క గ్యాలను అటూ ఇటూ అయినా జవాబు తలకిందులవుతుంది. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, గొట్టం మొదటిసారి టక్కుమని ఆగినచోటనే ఆపి, ట్రిప్ మీటరును సున్నాకు తిప్పు. మళ్ళీ నింపినప్పుడు 245 మైళ్ళకు 9.4 గ్యాలన్లు పట్టాయనుకో, గ్యాలనుకు 26 మైళ్ళు వచ్చినట్టు. ఒక ట్యాంకు లెక్కను నమ్మవద్దు. మూడు ట్యాంకుల మైళ్ళన్నీ కలిపి, మూడింటి గ్యాలన్ల మొత్తంతో భాగించు. టైర్లు ఏ సైజువో కూడా చూడు. ఈ బండికి ఫ్యాక్టరీలో వేసినవి 185/60 సైజు, 14 అంగుళాల చక్రాలవి. నీకు అమ్మినాయన 205/50 సైజు, 15 అంగుళాలవి వేసి ఉంటే చుట్టుకొలత ఒకటిన్నర శాతం పెరుగుతుంది, ఆ మేరకు మీటరు తక్కువ మైళ్ళు చూపిస్తుంది. హైవే మీద మైలురాళ్ళతో పది మైళ్ళు సరిపోల్చుకుంటే ఆ తేడా తెలిసిపోతుంది.

తరవాత నీ వాడకం సంగతి. ఉద్యోగం మారాక రోజూ మూడు మైళ్ళ దారిలో పది సిగ్నళ్ళు దాటుతున్నానని నువ్వే రాశావు. చల్లగా ఉన్న ఇంజనుకు, దాన్ని నడిపించే కంప్యూటరు కావాలనే ఎక్కువ పెట్రోలు పంపిస్తుంది. అది వేడెక్కేలోపే నువ్వు ఆఫీసు చేరుకుంటున్నావు. దానికి తోడు టెక్సస్ ఎండలో ఏసీ పూర్తిగా తిప్పి పెడితే, ఇంత చిన్న ఇంజను మీద, అందులోనూ పొట్టి ప్రయాణాల్లో, ఆ భారం గట్టిగానే కనబడుతుంది. అందుచేత ఒక ఆదివారం ఉదయం ఏసీ ఆపి, గంటకు 60 మైళ్ళ వేగం దాటకుండా, ట్యాంకులో ఎక్కువ భాగం హైవే మీదే ఖర్చు చేసి చూడు. అప్పుడు 27, 28 వస్తే బండికి జబ్బేమీ లేదు, నీ దారే మారింది. హైవే మీద కూడా 21, 22 దగ్గరే ఆగిపోతే మాత్రం కింద రాసినదంతా నీకు పనికి వస్తుంది.

ఏ లోపం ఎంత నష్టం చేయగలదో మనసులో ఒక కొలత పెట్టుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. టైర్లలో గాలి ఒక్కో పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అంటే నాలుగు టైర్లలోనూ పది పీఎస్‌ఐ తగ్గినా పోయేది రెండు శాతమే. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో మూడు శాతం దాకా తగ్గుతుంది గానీ, అది నువ్వు బండి కొన్ననాడూ ఉన్నదే. నీకు పోయింది ఇరవై శాతం పైమాట. కాబట్టి ఎక్కడో ఒక పెద్ద కారణం ఉండాలి, లేదా రెండు మూడు మధ్యరకం కారణాలు కలిసి ఉండాలి. గాలి మాత్రం ఎలాగూ చూసుకో. అసలు సైజు టైర్లకు తలుపు దగ్గర చీటీలో 26 పీఎస్‌ఐ అని ఉంటుంది.

ఇక్కడ ఎయిర్ ఫిల్టరు గురించి ఒక మాట. మన ఫియట్, అంబాసిడర్ కార్బ్యురేటరు బండ్ల కాలంలో ఫిల్టరు మురికిపడితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ పోయేది, అందుకే పెద్దవాళ్ళు ఇప్పటికీ ముందు దాన్నే అనుమానిస్తారు. నీ బండికి ఇంజెక్షను ఉంది. గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలునూ తగ్గిస్తుంది. మురికి ఫిల్టరు వల్ల బండి వేగం అందుకోవడం మందగిస్తుందే గాని మైలేజీ చెప్పుకోదగ్గంతగా పడదని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వారు 2009లో పరీక్షించి తేల్చారు. మురికిగా ఉంటే మార్చు, కానీ ఆ ఆరు మైళ్ళు అందులో దొరుకుతాయని ఆశపడకు.

ఇంజను మూత ఎత్తేలోపు చక్రాలు చూడు. మియాటాలో వెనక బ్రేకులు కూడా డిస్కులే, హ్యాండ్ బ్రేకు పనిచేసేది ఆ డిస్కులను నొక్కిపట్టే కాలిపర్ల మీదనే. వాటి జారుడు పిన్నులు గ్రీజు ఎండి బిగుసుకుపోవడం ఈ బండిలో తరచుగా వచ్చే లోపం. బండి బరువు వెయ్యి కిలోల దాపున ఉండటం వల్ల, ఒక్క చక్రం పట్టుకున్నా ఇంజనుకు తెలుస్తుంది. హైవే మీద కాసేపు నడిపి, చివర్లో బ్రేకు వీలైనంత తక్కువ తొక్కి ఆపి, నాలుగు చక్రాల డిస్కుల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలువు. చేత్తో మాత్రం తాకవద్దు. ఎడమ వెనక చక్రానికీ కుడి వెనక చక్రానికీ పెద్ద తేడా ఉంటే దోషి దొరికినట్టే. తరవాత జాకీ స్టాండ్ల మీద ఎత్తి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పు. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంటు చేయించు. అయిదో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు వేగం పెరగకుండా ఇంజను చుట్లు మాత్రమే పెరిగితే క్లచ్చి జారుతోందని అర్థం.

చక్రాలు బాగానే ఉంటే ఇంజను దగ్గరకు రా. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకుని వరసగా పేర్చు. ఈ పాత బండి నీతో సూటిగా మాట్లాడేది ఇక్కడే. నాలుగింటికీ పొడి మసి ఒకే తీరున పట్టి ఉంటే పెట్రోలు అన్ని సిలిండర్లకూ ఎక్కువగా వెళుతోంది, అంటే లోపం నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. ఒక్కటే నల్లబడితే ఆ సిలిండరు వైరునో, ప్లగ్గునో, ఇంజెక్టరునో చూడాలి. ఒకటీ నాలుగూ జంటగా, లేదా రెండూ మూడూ జంటగా చెడి ఉంటే కాయిలు మీద అనుమానం పెట్టుకో, ఎందుకంటే ఈ ఇంజనులో ఒక కాయిలు ఒకటి, నాలుగు సిలిండర్లకూ, మరొకటి రెండు, మూడు సిలిండర్లకూ నిప్పురవ్వ ఇస్తుంది. ఈ బండిలో ప్లగ్ వైర్లు త్వరగా చెడతాయని అందరికీ తెలిసినదే. ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే ముందుగా కొనదగిన వస్తువు అదొక్కటే. ఒక సిలిండరులో పెట్రోలు మండకుండా పోతే అందులోని ఆక్సిజను కూడా అలాగే పొగలోకి వస్తుంది. సెన్సరు ఆ ఆక్సిజనును చూసి పెట్రోలు చాలడం లేదని కంప్యూటరుకు చెబుతుంది, అది మిగతా సిలిండర్లకు కూడా పెట్రోలు పెంచుతుంది. సెన్సరు అబద్ధం చెప్పలేదు, తనకు కనబడినదే చెప్పింది. మంచి సెన్సరును తీసి పారేసి కొత్తది వేయడం చాలామంది చేసే పని, వేశాక మైలేజీ మాత్రం మారదు. సెన్సరుకు ముందున్న పొగగొట్టం అతుకు దగ్గర గాలి లోపలికి పీల్చుకున్నా ఇదే జరుగుతుంది.

మసి నాలుగింటికీ పట్టి ఉంటే నేను ముందు చూసేది ఇంజను వేడిని. థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు వెళ్ళనివ్వని కవాటం, తెరుచుకున్నచోటే ఇరుక్కుపోతే ఇంజను పూర్తిగా వేడెక్కదు, కంప్యూటరు ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు గుమ్మరిస్తూనే ఉంటుంది. డాలస్ వేసవిలో ఇది బయటపడదు. చల్లని ఉదయం హైవే మీద ముల్లు కిందికి జారి, సిగ్నలు దగ్గర ఆగితే పైకి లేస్తుంటే థర్మోస్టాట్ మార్చు. ముల్లు సరిగ్గా ఉన్నంతమాత్రాన నిశ్చింతగా ఉండకు. నీ బండిలో ముల్లుకు ఒక సెన్సరు, కంప్యూటరుకు వేరొక సెన్సరు ఉన్నాయి, రెండూ సిలిండరు హెడ్ వెనక వైపునే. ఒక వైరు ఉన్నది ముల్లుది, రెండు వైర్లు ఉన్నది కంప్యూటరుది. ఈ రెండో దాని ప్లగ్ ఊడదీసి మల్టీమీటరుతో నిరోధం కొలువు. ఇంజను చల్లగా, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సుమారు రెండున్నర కిలో ఓములు రావాలి. 80 డిగ్రీల దగ్గర 300 ఓముల చుట్టూ రావాలి. వేడి ఇంజను మీద కూడా వేలల్లో చూపిస్తే నీ పెట్రోలు ఎటు పోతోందో తెలిసినట్టే.

నీ బండి 1996కు ముందుది కాబట్టి ఫోనుకు తగిలించే స్కానరు దీనికి పనిచేయదు. ఇంజను గదిలో ఎడమ వైపున ఉన్న డయాగ్నసిస్ పెట్టెలో TEN, GND అని రాసి ఉన్న రంధ్రాలను చిన్న వైరుతో కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజను దీపం మెరుపులతో సంఖ్యలు చెబుతుంది. 9 వస్తే వేడి సెన్సరు, 15 లేదా 17 వస్తే ఆక్సిజన్ సెన్సరు వైపు చూడమని. ఆక్సిజన్ సెన్సరును మీటరుతో కూడా పరీక్షించవచ్చు: ఇంజను బాగా వేడెక్కాక దాని సిగ్నలు వైరు మీద వోల్టేజీ 0.1 నుంచి 0.9 దాకా ఊగుతుండాలి. ఒకేచోట నిలబడిపోయినా, బద్ధకంగా కదిలినా అప్పుడు మార్చు.

అదే పెట్టెలో అవే రెండు రంధ్రాలను కలిపి ఉంచి, టైమింగ్ లైటు పెట్టి ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, చూడు. పిస్టను పైకొసకు చేరడానికి పది డిగ్రీలు ముందుగా ఉండాలి. చాలా వెనక్కి ఉంటే టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ఒక పన్ను తప్పిందేమో కూడా చూడాలి. 1990, 1991 తొలినాళ్ళ బండ్లలో క్రాంక్ షాఫ్టు ముందు కొస బలహీనంగా ఉండి టైమింగ్ చెదిరేది. నీది 1992ది కాబట్టి ఆ దిగులు లేదు. గాలిని కొలిచే మీటరు నల్లమూత ఎవరైనా విప్పి మళ్ళీ అంటించిన గుర్తులున్నాయేమో చూడు. అందులోని స్ప్రింగును సర్దితే బలం పెరుగుతుందని కొందరు కెలుకుతారు, దానివల్ల మిశ్రమం అంతా చెడుతుంది. చివరిగా, పెట్రోలు ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటరుకు వెళ్ళే సన్నని వాక్యూమ్ గొట్టం ఊడదీసి చూడు. అందులో పెట్రోలు తడి గాని వాసన గాని ఉంటే లోపలి పొర చిరిగిపోయి పెట్రోలు నేరుగా ఇంజనులోకి పోతోంది.

బండి దగ్గర, ముఖ్యంగా షెడ్డు తలుపు తెరిచినప్పుడు, పెట్రోలు వాసన వస్తుంటే ఈ వరస అంతా పక్కన పెట్టి ముందు రబ్బరు గొట్టాలు చూపించు. అది మైలేజీ విషయం కాదు, నిప్పు విషయం.

మూడు ట్యాంకుల లెక్కలూ, నాలుగు ప్లగ్గుల ఫోటో, చక్రాల వేడి అంకెలూ నాకు పంపించు. అవి చూసేదాకా ప్లగ్ వైర్లు తప్ప ఏమీ కొనవద్దు. నీ చేతికి అందని పని వస్తే పాత జపాను బండ్లు తెలిసిన మెకానికు దగ్గరకు వెళ్ళి, భాగాలు మార్చమని కాకుండా, ఒక గంట కూలి ఇచ్చి పెట్రోలు ఒత్తిడి, టైమింగ్ కొలిచి అంకెలు కాగితం మీద రాసివ్వమని అడుగు.

ఇట్లు,
మీ మామయ్య