మాట పడిపోయిందా, మాట పోయిందా?

సందేహం: మా పెదనాన్నగారికి ఈమధ్య పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట దెబ్బతిన్నాయి. మనం చెప్పింది అర్థమవుతోంది, తల ఊపుతున్నారు. నోరు తెరిస్తే మాత్రం ‘నీళ్లు... రేపు... తమ్ముడు...’ అని ముక్కలే వస్తున్నాయి. విచిత్రం ఏమిటంటే ‘సింహాద్రి అప్పన్నా’ అని పూర్తిగా, స్పష్టంగా అంటున్నారు. మెదడులో బ్రోకా ఏరియా దెబ్బతిందని డాక్టరుగారు చెప్పారు. చుట్టాలంతా ‘మాట పడిపోనాది’ అంటున్నారు. మా తమ్ముడు అది తప్పంటాడు. ఒకటీ అరా మాటలు వస్తున్నాయి కాబట్టి ‘కొంత మాట పోయింది’ అనాలట. పేపర్లో ‘మూగబోయారు’ అనీ, ‘వాగ్ఘాతం’ అనీ చూశాను. ఏది సరైంది? – ఒక పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందు మీ పెదనాన్నగారు తొందరగా కోలుకోవాలి. ఇక భాష సంగతికొస్తే, మీ చుట్టాలే నెగ్గారు. మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి, ఆ కుర్రవాడు ‘పడిపోవు’ అనే క్రియను నేలమీద పడిపోవడం దగ్గరే ఆపేశాడు.

తెలుగువాడు ఒంట్లోని శక్తులు దెబ్బతిన్నప్పుడు రెండు క్రియలు వాడతాడు. ‘పోవు’ ఒకటి, ‘పడిపోవు’ ఒకటి. ఏది ఎక్కడ వాడతాడో కాస్త గమనించండి. చూపు పోయింది అంటాం, చూపు పడిపోయింది అనం. వినికిడి పోయింది. స్పర్శ పోయింది. స్పృహ పోయింది, మతి పోయింది. అదే చెయ్యి అయితే పడిపోయింది అంటాం. కాలు పడిపోయింది, నడుం పడిపోయింది, ఒక పక్కంతా పడిపోయింది. ‘చెయ్యి పోయింది’ అన్నామంటే యాక్సిడెంటులో తెగిపోయిందని అవతలివాడు గుండె పట్టుకుంటాడు! అంటే బయటినుంచి లోపలికి వచ్చేవాటికి పోవడం, లోపలినుంచి బయటికి మనం చేసేవాటికి పడిపోవడం. చెయ్యి ఉంది, ఎక్కడికీ పోలేదు, మనం చెప్పినట్టు లేవడం లేదు, అంతే. మరి మాటను తెలుగువాడు ఏ కోవలో వేశాడు? చూపుతోనా, చేతితోనా? చేతితో వేశాడు. మాట పడిపోయింది అన్నాడు. (‘బీపీ పడిపోయింది’, ‘పల్స్ పడిపోయింది’ అనేవి వేరు, అవి ధర పడిపోవడం లాంటివి. వాటిని తెచ్చి నాతో వాదానికి దిగవద్దు.)

ఇప్పుడు మీ డాక్టరుగారు చెప్పిన చోటు ఎక్కడుందో చూడండి, ఈ కోవ ఎంత నికార్సైనదో తెలుస్తుంది. ఎడమ కంటికొస దగ్గర వేలు పెట్టి, రెండు వేళ్ల దూరం వెనక్కి, కొద్దిగా పైకి జరపండి. కణత తగులుతుంది. ఆ ఎముక వెనకాల, ఇంచుమించు అక్కడే ఉంటుంది బ్రోకా ప్రాంతం. మెదడు ముందు భాగాన్ని పాఠ్యపుస్తకాలవాళ్లు ‘లలాట లంబిక’ అంటారు. చెవికి తమ్మె ఉన్న భాషలో మెదడుకు నుదుటితమ్మె ఉంటే ఏం పోయిందో నాకు తెలియదు, ‘లంబిక’ అంటే పిల్లలు బట్టీపట్టడం తప్ప చేసేదేం లేదు. సరే, ఆ తమ్మె మీద ముందునుంచి వెనక్కి సాగే మడతలు పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి ఉంటాయి. కింది మడతలో వెనక భాగం మనది. కోర్బీనియన్ బ్రోడ్మన్ అనే జర్మన్ వైద్యుడు 1909లో మెదడు బెరడును, అంటే పైపొరను, కణాల అమరికను బట్టి అంకెలు వేసి విభజించాడు, అందులో ఈ చోటుకు 44, 45 అంకెలు పడ్డాయి. ఆ బెరడు మందం ఎంతనుకున్నారు, 2 నుంచి 4 మిల్లీమీటర్లు.

నడినెత్తి నుంచి చెవి వైపు దిగే లోతైన గాడి ఒకటి ఉంది. దానికి వెనక పక్క స్పర్శను అందుకునే పట్టీ, ముందు పక్క కండరాలను కదిపే పట్టీ. చూపు, వినికిడి అందుకునే చోట్లు కూడా నుదుటితమ్మెలో లేవు, వెనకా, పక్కలా ఉన్నాయి. కదిపే పట్టీలో మనిషి తలకిందులుగా ఉంటాడు. కాలు పైన, దాని కింద చెయ్యి, ఇంకా కింద మొహం, పెదాలు, నాలుక. ఆ నాలుకను కదిపే చోటుకు సరిగ్గా ముందు, ఆనుకొని ఉంది బ్రోకా ప్రాంతం. అంటే అందుకునే పక్క కాదు, చేసే పక్క. పైగా ఈ ప్రాంతానికీ, పక్కనున్న మొహం, చెయ్యి పట్టీకీ నెత్తురు తెచ్చేది ఒకే నాళం కొమ్మ. అది మూసుకుంటే ఎడమ మెదడు నడిపే కుడిచెయ్యీ, మాటా ఒక్కసారే పడిపోతాయి. మన ముసలమ్మలు మెదడు కోసి చూశారని నేను అనను. మంచం మీద మనిషిని చూశారు, చెయ్యీ మాటా జంటగా పడిపోవడం చూశారు, రెండింటికీ ఒకటే క్రియ వేశారు.

మీ తమ్ముడి రెండో అభ్యంతరం, మాటలు వస్తున్నాయి కదా అని. దీనికి పారిస్‌లో ఒక మనిషి కథే జవాబు. లెబోర్న్ అని ఒకాయన, ముప్పై ఏళ్ల వయసులో మాట పడిపోయి ఆసుపత్రిలో చేరి 21 ఏళ్లు అక్కడే ఉన్నాడు. ఏమడిగినా ‘టాన్ టాన్’ అనేవాడు, అందుకని ఆసుపత్రిలో పేరే టాన్ అయిపోయింది. అడిగింది అర్థమయ్యేది, అంకెలైతే వేళ్లతో చూపేవాడు. 1861 ఏప్రిల్‌లో చనిపోయాక పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు ఆయన మెదడు తీసి చూస్తే ఎడమ నుదుటితమ్మెలో దెబ్బ కనబడింది. మనకు కావలసిన సంగతి ఏమిటంటే, ఆ ‘టాన్’కు కోపం ముదిరితే దేవుడి పేరు పెట్టి ఒక తిట్టు పూర్తిగా, తప్పు లేకుండా తిట్టేవాడు! మీ పెదనాన్నగారి ‘సింహాద్రి అప్పన్నా’ కూడా ఆ జాతిదే, కాకపోతే ఆయన పుణ్యాత్ముడు. ఏళ్ల తరబడి నోట నానిన పిలుపులు, తిట్లు, ఒకటి రెండు మూడు లెక్కలు, వారాల పేర్లు, పాటలు, ఇవి మొత్తంగా ఒక ముద్దగా దొర్లుకొస్తాయి. అప్పటికప్పుడు కూర్చి చెప్పాల్సిన వాక్యమే రాదు. కాబట్టి అప్పన్న పేరు వచ్చినంతమాత్రాన మాట పడిపోలేదనడానికి లేదు. (రాగం కలిపి మాట పలికించే చికిత్స కూడా ఉంది. స్పీచ్ థెరపిస్టును అడగండి, అది నా పని కాదు.)

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. ‘నీళ్లు... రేపు... తమ్ముడు’లో ఏం లేదో చూశారా? నామవాచకాలన్నీ ఉన్నాయి. లేనివి విభక్తులు, క్రియ. రేపు తమ్ముడు వస్తాడనా, తమ్ముడికి చెప్పమనా, తమ్ముడితో పంపమనా? ఆ ‘కి’, ఆ ‘తో’ లేకపోతే తెలుగు లేదు. ఇంగ్లీషువాడు మాటల వరుసతో నెట్టుకొస్తాడు, మనం ప్రత్యయాలతో బతుకుతాం. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వస్తే, మూడేళ్లకు బ్రోకా ఆ మెదడు చూశాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు గానీ, ఒకాయన రాసిపెట్టిన ప్రత్యయాలే రెండో ఆయన చూపిన చోటు దెబ్బతింటే ముందుగా జారిపోయేవి. మీరు ‘అర్థమవుతోంది’ అన్నారు. చాలావరకు నిజమే. అయితే ‘కుక్క పిల్లిని తరిమింది’ అంటే సరిగ్గానే తెలుసుకునే మనిషి ‘కుక్కను పిల్లి తరిమింది’ అంటే తడబడవచ్చు. అక్కడ అర్థమంతా ఆ ఒక్క ‘ను’ మీద ఉంది. ఇది విని ఆయనకు పరీక్షలు పెట్టబోకండి, పాపం.

ఆయనదంటే జబ్బు. ఒళ్లు నిక్షేపంలా ఉన్నవాళ్లకేం వచ్చింది? ‘గాజువాక వెళ్తున్నా’, ‘ఆఫీస్ వచ్చేశా’, ‘కంచరపాలెం దిగాలి’. ‘కు’కు నోట్లో చోటు లేదా, ‘లో’ అంటే టికెట్ డబ్బులు ఎక్కువ తీసుకుంటారా? సిటీబస్సులో ఇవి వింటూ కూర్చుంటే నాకే బీపీ పెరుగుతుంది. మీ చుట్టాల ‘పడిపోనాది’ని మాత్రం ఎవరూ వెక్కిరించకూడదు. అది ఉత్తరాంధ్ర రూపం, ప్రత్యయం ఎక్కడా జారలేదు, లింగవచనాలు నిక్షేపంగా ఉన్నాయి. గిడుగువారి ప్రాంతంవాళ్లం, ఆ మాత్రం తల ఎత్తుకొని అనవచ్చు.

మిగిలినవి త్వరగా చెప్తాను. ‘మూగబోవు’ అంటే మౌనం వహించడం, గాయకుడు పోతే ‘గొంతు మూగబోయింది’ అని పేపర్లవాళ్లు అరగదీసిన మాట. రోగికి వాడితే మర్యాద కూడా కాదు. ‘మాట ముద్దగా వస్తోంది’ అంటే వేరే జబ్బు, వాక్యం బాగానే కుదురుతుంది, నాలుక తిరగదు, డాక్టర్లు డిసార్థ్రియా అంటారు. నత్తి ఇంకోటి. మాట ధారాళంగా వస్తూ అర్థం లేకుండా పోయేది కూడా ఉంది, దాన్ని 1874లో వెర్నికే అనే జర్మన్ వైద్యుడు చెప్పాడు, ఆ చోటు చెవికి పైన, వెనక ఉంటుంది. దానికి ‘మాట పడిపోయింది’ అనడానికి నాకు మనసొప్పదు, మనవాళ్లు ‘ఏదేదో మాట్లాడుతున్నాడు’ అంటారు, అదే బాగుంది. ‘వాగ్ఘాతం’ సంధి తప్పు లేదు, కానీ మాటతో కొట్టిన దెబ్బ అనుకునే ప్రమాదం ఉంది. బ్రోకా పెట్టిన పేరు ‘అఫేమీ’, 1864లో త్రూసో అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని ‘అఫేజీ’గా మార్చాడు, అదే ఇప్పటి అఫేసియా. రిపోర్టులో అది ఉండనివ్వండి.

‘మాట పోయింది’ మాత్రం వద్దు. ‘నా మాట పోతుంది’ అంటే పరువు పోతుందని కదా. మీ పెదనాన్నగారి మాట పోయిందంటే పెద్దమనిషి ఎవరికో మాటిచ్చి తప్పాడనుకుంటారు. ‘మాట పడ్డారు’ అన్నా చిక్కే, ఎవరిచేతో నాలుగు చీవాట్లు తిన్నారనే అర్థం. ‘పడిపోయింది’లో ఆ ‘పోయింది’ తోడుంటేనే జబ్బు.

ఇంత చెప్పాక ఒక మెలిక ఉంది. లెబోర్న్ మెదడును కోయకుండా పారిస్‌లో దాచారు. 2007లో దాన్ని ఎంఆర్‌ఐ తీసి చూస్తే దెబ్బ బ్రోకా చెప్పిన చోటుతో ఆగలేదు, లోపలి తెల్లని నరాల కట్టల దాకా పోయింది. మెదడు మీదే ఎలక్ట్రోడ్లు పెట్టి చూసినవాళ్లకు ఈ ప్రాంతం మాట బయటికి రాకముందు పనిచేసి, నోరు కదిలే వేళకు సద్దుమణిగినట్టు కనబడింది. అంటే ఇది నాలుకను కదిపేది కాదు, ఏది ఎలా పలకాలో సిద్ధం చేసేది. అప్పుడు మాటను పూర్తిగా చేతి కోవలో వేయవచ్చా అని మీ తమ్ముడు అడిగితే, కుర్రవాడికి సగం మార్కులివ్వండి. ‘కొంత’ అనే మాట కావాలంటే ‘మాట కొంత పడిపోయింది’ అనమనండి, నాకు అభ్యంతరం లేదు. రేపు ఆయనకు నయమవుతుంటే ‘మాట వస్తోంది’ అనండి, ‘మాట తేటపడుతోంది’ అన్నా చక్కని తెలుగే. ‘స్పీచ్ ఇంప్రూవ్ అవుతోంది’ అని మాత్రం నాకు ఉత్తరం రాయకండి.