పైకి ఎండిన కట్టె పొగ ఎందుకు కక్కుతుంది? తేమ మీటర్ ఎలా వాడాలి?

అనంతపురంలో హోటల్ పొయ్యికి కొన్న సర్కారు తుమ్మ కట్టెలు ఎండినట్టే ఉండి పొగ కక్కుతున్నాయని అడిగారు. మన ఎండకు పైపొర తొందరగా ఆరిపోతుంది, నడిమి భాగం పచ్చిగానే ఉంటుంది.

ఆ లోపలి తేమ చూడటానికి రెండు సూదుల మీటర్ కొనండి. సూదులు లేని రకం చదునైన పలకలకే, గుండ్రటి కట్టెకు సరిగా ఆనదు. తుమ్మ గట్టిది, సూదులు వంగుతాయి, కాబట్టి మార్చుకునే సూదులున్నదే తీసుకోండి.

బెరడు మీదా, కోసిన చివర్లలోనూ గుచ్చితే అంకె తక్కువ చూపిస్తుంది. కట్టెను అప్పటికప్పుడు గొడ్డలితో చీల్చి, లోపలి ముఖం నడుమ, రెండు సూదులూ నార పోయే దిశలో వచ్చేలా నాలుగైదు మిల్లీమీటర్లు దిగేదాకా గుచ్చండి. ఎండలో కాగిన కట్టె ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, నీడలో చల్లారనివ్వండి. బండి పైన, నడుమ, అడుగున కలిపి ఆరు కట్టెలైనా చూడాలి.

తేమ 20 శాతం లోపు వస్తే పొయ్యిలో పెట్టొచ్చు. 30 దాటితే ఆ అంకెను కచ్చితమని నమ్మొద్దు, పచ్చిదని మాత్రం ఖాయం.

తూకానికి కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: మీటర్ ఎండు కట్టె బరువు మీద లెక్క కడుతుంది. 25 చూపిస్తే, 125 కిలోల్లో 25 కిలోలు నీళ్లే.