అమ్మానాన్నలతో డిస్నీ: గుంటూరులోనే తేల్చుకోవాల్సిన సంగతులు

కొత్తగా అమెరికా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడిగే సందేహం ఇది. "అమ్మానాన్న మొదటిసారి వస్తున్నారన్నా. పిల్లలేమో డిస్నీ అంటున్నారు. నాన్నకి మోకాళ్లు బాగోలేవు, అమ్మకి నడుం నొప్పి. తీసుకెళ్లొచ్చా?"

తీసుకెళ్లొచ్చు. నేను ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి మావాళ్లను రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి చెడగొట్టాను కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. ఇప్పుడు సెలవుకి వచ్చి గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నా. నాన్నగారు పక్కనే పేపరు చదువుతున్నారు, ఆయన గురించేనని తెలియదు.

మొదటిసారి ఆయనకి డెబ్బై. పొద్దున గేటు దగ్గర "వీల్‌చెయిర్ తీసుకుందామా నాన్నా?" అని అడిగాను. "నేనేం రోగినా?" అన్నారు. సరేలే అనుకున్నా. రోజంతా మా వెనకాలే నడిచారు. ఎప్పుడడిగినా "పర్లేదురా, పదండి" అనే అన్నారు. రాత్రి హోటల్లో సాక్స్ తీస్తే చీలమండల చుట్టూ ఎలాస్టిక్ గాడి లోతుగా దిగి ఉంది, దానికి పైనా కిందా పాదాలు పొంగి ఉన్నాయి. అమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని జండూబామ్ రాస్తోంది. "చెప్పొచ్చుగా నాన్నా?" అన్నాను. "టికెట్టు ఏడెనిమిది వేలన్నావుగా. మధ్యలో వచ్చేస్తే దండగ" అన్నారు. మర్నాడు మంచం దిగలేకపోయారు. మిగిలిన మూడు రోజుల టికెట్లూ అలాగే పోయాయి.

కాబట్టి మొదటి మాట, టికెట్ ధర చెప్పకండి. మన పెద్దవాళ్లు డాలర్లను రూపాయల్లోకి మార్చుకుని, ఆ రూపాయలకు సరిపడా నొప్పిని నోరు మూసుకుని భరిస్తారు. రెండోది, "నడవగలరా?" అని అడగకండి. దానికి ఎప్పుడూ ఒకటే జవాబు. వాళ్లు ఇంకా ఊళ్లో ఉండగానే ఫోన్‌లో వేరే రకంగా అడగండి. రైతుబజారుకి నడిచి వెళ్తున్నారా, ఆటోలోనా? మొన్న బెజవాడ దుర్గమ్మ దగ్గరికి వెళ్తే కొండ మెట్లెక్కారా, లిఫ్ట్‌లోనా? స్టేడియంలో వాకింగ్‌కి వెళ్తే ఎన్ని రౌండ్లకు బెంచీ మీద కూర్చుంటున్నారు? వాళ్లతో అవ్వకపోతే పక్కింటివాళ్లని అడగండి, నిజం బయటపడుతుంది.

అక్కడి నడక ఎంతో ఒక లెక్క చెప్తాను. ఎప్‌కాట్ పార్కులో చెరువు చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లుంటాయి. ఆ చుట్టూ తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. అంటే ప్రకాశం బ్యారేజీ మీద విజయవాడ నుంచి సీతానగరం దాకా నడిచి, మళ్లీ సగం దూరం వెనక్కి వచ్చినంత. అది ఒక పార్కులో సగం మాత్రమే. అక్కడ చెరువు దాటించే పడవలుంటాయి, అవి ఎక్కండి.

ఇక వీల్‌చెయిర్ గొడవ. పార్కుల్లో చక్రాల కుర్చీలూ, బ్యాటరీ స్కూటర్లూ అద్దెకిస్తారు. స్కూటర్లను ముందుగా బుక్ చేసుకునే వీల్లేదు, ముందొచ్చినవాళ్లకే. అదీగాక పార్కులో తీసుకున్నది గేటు దాటించి బయటికి తీసుకెళ్లనివ్వరు. మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కుకి మీ కారులో వెళ్తే, కారు ఆపిన చోటు నుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కితేగానీ గేటు రాదు. మోకాళ్లు అక్కడికే అయిపోతాయి. అందుకని హోటల్‌కి తెచ్చిచ్చే బయటి కంపెనీ దగ్గర అద్దెకి తీసుకోండి. లేదా డిక్కీలో పట్టే మడత వీల్‌చెయిర్ ఒకటి కొనుక్కోండి, ఊరికి వెళ్లేటప్పుడు అమ్మావాళ్లకే ఇచ్చి పంపొచ్చు.

మా నాన్నగారి విషయంలో పని చేసింది స్కూటరే. వీల్‌చెయిర్ అంటే ఎవరో వెనక నుంచి తోయాలి, అది ఆయనకి చిన్నతనం. హ్యాండిల్ తన చేతిలో ఉంటే ఆ బాధ లేదు. ముప్ఫై ఏళ్లు చేతక్ నడిపిన మనిషి. హోటల్ పార్కింగ్‌లో ఖాళీగా ఉన్న చోట ఒక అరగంట ప్రాక్టీసు చేయించాను. మొదట్లో పూలకుండీని గుద్దారనుకోండి, అది వేరే సంగతి.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంటుంది, వీల్‌చెయిర్ ఉంటే క్యూ లేకుండా లోపలికి పంపిస్తారని. అది నమ్మి వెళ్లకండి. డిస్నీలో చాలా రైడ్లకి మామూలు క్యూలోనే చక్రాల కుర్చీ వెళ్తుంది, అందరితో పాటే వెయిట్ చేయాలి. డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్ అనేది ఒకటుంది, క్యూలో నిలబడకుండా బయట ఆగి, వాళ్లు చెప్పిన వేళకి రైడ్ దగ్గరికి వెళ్లొచ్చు. 2024లో దాన్ని మార్చారు. ఆటిజంలాంటి ఇబ్బందుల వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు ఉండలేనివాళ్ల కోసమే ఇప్పుడది. మోకాళ్ల నొప్పులకి వర్తించదు. త్వరగా వెళ్లాలంటే డబ్బు కట్టి లైట్నింగ్ లేన్ అనే వేరే క్యూ తీసుకోవడమే. ఆ ధర కూడా ఇంట్లో చెప్పకండి.

"గుంటూరు ఎండ చూసినవాళ్లం, ఫ్లోరిడా ఎండ మాకేం లెక్క?" అంటారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం గుంటూరులో నాన్నగారు రోడ్డు మీద తిరుగుతారా? తలుపులేసుకుని కూలర్ కింద పడుకుంటారు. అక్కడా అదే చేయించండి. పొద్దున గేట్లు తెరిచేసరికి వెళ్లి, పన్నెండింటికి హోటల్‌కి వచ్చేసి, మళ్లీ సాయంత్రం వెళ్లండి. ఎండాకాలంలో మధ్యాహ్నాలు ఉరుములతో వాన కూడా పడుతుంటుంది. కుదిరితే జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో వెళ్లండి. ఊరి నుంచి దిగిన వారంలోపు మాత్రం వద్దు. పగలు నిద్ర, రాత్రి మెలకువగా ఉన్న మనిషిని పార్కులో తిప్పడం పాపం.

తిండికి టెన్షన్ పడక్కర్లేదు. గాజు సీసాలు తప్ప ఇంటి తిండి లోపలికి రానిస్తారు. పులిహోర, దద్దోజనం డబ్బాల్లో పెట్టుకెళ్లండి. కౌంటర్లో అడిగితే ఐస్ నీళ్లు ఉచితంగా ఇస్తారు. బీపీ, షుగర్ మాత్రలు ఫ్లైట్‌లోనూ పార్కులోనూ చేతిసంచిలోనే ఉండాలి. ప్రతి పార్కులో ఫస్ట్ ఎయిడ్ సెంటర్ ఉంటుంది, ఇన్సులిన్ అక్కడి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కాసేపు నడుం వాల్చుకోనూ వచ్చు. తోడుగా ఇంకొకరు వెళ్లగలిగే పెద్ద బాత్రూములు ఎక్కడున్నాయో మ్యాప్‌లో ముందే చూసుకోండి. అమ్మకి సాయం కావలసిన వేళ వెతుక్కుంటూ తిరగలేం. ఒక ఖాళీ నీళ్ల సీసా కూడా సంచిలో వేసుకోండి, ఎందుకో మీకు తెలుసు.

ఫ్లైట్ టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ సాయం రాయించండి, డబ్బు తీసుకోరు. గుంటూరు నుంచి శంషాబాద్‌కి ఐదారు గంటల కారు ప్రయాణం చేసి వచ్చినవాళ్లకి ఎయిర్‌పోర్టులో నడక ఎక్కువ. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు, పాత జబ్బులకు ఏ వయసు దాకా ఎంత కవర్ చేస్తారో చదివి తీసుకోండి. చవకని మాత్రం చూడకండి.

ఇంకొకటి. పిల్లలతో మీరు రోలర్ కోస్టర్ ఎక్కుతూ, పెద్దవాళ్లను బెంచీ మీద సంచులకి కాపలా పెట్టకండి. మేం మొదటిసారి చేసింది అదే. వాళ్లు ఎక్కగలిగేవి చాలా ఉన్నాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే షోలో ఏసీలో ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు, హాలే తిరుగుతుంది. యానిమల్ కింగ్‌డమ్ పార్కు సఫారీలో మాత్రం బండి బాగా ఎగురుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లకి వద్దు.

మా నాన్నగారికి నచ్చింది ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ అనే పడవ. మెల్లగా గాజు గదుల్లో పెంచే తోటల మధ్య నుంచి వెళ్తుంది. మట్టి లేకుండా నీళ్లలో పెంచే ఆకుకూరలు, పందిరికి వేలాడే టమాటాలు. మాది మిరప పండించిన ఇల్లు. పడవ అంచు పట్టుకుని ముందుకు వంగి, వేళ్లు ఎక్కడున్నాయి, ఎరువు ఎలా ఇస్తున్నారని నన్ను ఒకటే ప్రశ్నలు. నాకేం తెలుసు? దిగాక స్కూటర్ ఎక్కి కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "ఇంకోసారి ఎక్కుదామా?" అన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు రోజుల్లో ఆయన నోట ఏదీ కావాలన్న మాట రాలేదు. ఆ పూట దాన్నే మూడుసార్లు ఎక్కాం.