ప్రకటించిన సహాయం, చెల్లించిన సహాయం: లెక్క ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: నేను ఒక స్వచ్ఛంద సంస్థలో లెక్కలు చూస్తాను. ఫలానా ధనిక దేశం పేద దేశాలకు ఇంత సహాయం ప్రకటించిందని పత్రికల్లో చదివి, ఆ దేశపు బడ్జెట్ పత్రాలు తెరిస్తే ఆ అంకె కనిపించడం లేదు. పైగా ఒక్కో పత్రంలో ఒక్కో అంకె ఉంటోంది. ఏది నమ్మాలి? ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: మీరు చూసిన అంకెలన్నీ సరైనవే కావచ్చు. ఒకే సొమ్ము వేర్వేరు దశల్లో ఉన్నప్పుడు తీసిన లెక్కలు అవి. మంత్రి సభలో చెప్పినది వాగ్దానం. చట్టసభ ఆమోదించినది కేటాయింపు. ఒప్పందాల మీద సంతకాలయ్యాక ప్రభుత్వం కట్టుబడిన మొత్తం మరొకటి, ఖజానా నుంచి నిజంగా వెళ్లిన చెల్లింపు ఇంకొకటి. మన బడ్జెట్లో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అనే గడులను రోజూ చూసే మీకు ఈ తేడా కొత్తది కాదు. అమెరికా విషయంలో మాత్రం ఈ ఎడం చాలా పెద్దది. కాంగ్రెస్ ఒక ఏడాదికి కేటాయించిన సొమ్ము పూర్తిగా చెల్లింపుగా మారడానికి కొన్నేళ్లు పట్టవచ్చు కాబట్టి, ఈ ఏటి చెల్లింపుల్లో పాత సంవత్సరాల కేటాయింపులు కలిసి ఉంటాయి. కేటాయింపు ఉన్నంత మాత్రాన సొమ్ము చేరుతుందన్న భరోసా కూడా లేదు. 2025 జనవరిలో ఆ దేశం విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు, చట్టసభ అంతకుముందే ఆమోదించిన నిధులు కూడా ఆగిపోయాయి. 1961లో ఏర్పడిన అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ బాధ్యతలు ఆ ఏడాది జూలై 1న విదేశాంగ శాఖకు వెళ్లాయి. ఆ సొమ్ము మీద ఆధారపడి మందులు తీసుకునేవారికి కేటాయింపు అంకె ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు. అందుకే చెల్లింపు గడినే ముందు చూడమని నేను చెబుతాను.

సంవత్సరం కూడా చూసుకోవాలి. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న, బ్రిటన్, జపాన్‌లది ఏప్రిల్ 1న మొదలవుతాయి. దాతల లెక్కలను ఒకచోట చేర్చే, ప్రధానంగా ధనిక దేశాల కూటమి అయిన ఓఈసీడీ మాత్రం జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కిస్తుంది.

ఇక సహాయమంతా ఒకే శాఖ పద్దులో ఉంటుందనుకుంటే పొరపాటు. ఆశ్రయం కోరి వచ్చినవారికి తొలి 12 నెలలు తన గడ్డ మీదే పెట్టిన ఖర్చును కూడా దాత దేశం సహాయంగా చూపవచ్చునని ఓఈసీడీ నిబంధనలు అనుమతిస్తాయి. 2022లో బ్రిటన్ తన సహాయంలో దాదాపు 29 శాతాన్ని ఇలా స్వదేశంలోనే ఖర్చు చేసింది. అందులో పెద్ద భాగం విదేశాంగ శాఖ పద్దులో కాక హోం శాఖ పద్దులో ఉంది. శరణార్థులకు నీడనివ్వడం మంచి పనే. కానీ దాన్ని పేద దేశాలకు వెళ్లిన సొమ్ముతో కలిపి ఒకే మొత్తంగా చూపితే పాఠకుడికి అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం.

రుణాల సంగతి మన ఊరి ఉదాహరణతోనే చెబుతాను. హుస్సేన్‌సాగర్ శుద్ధి, పరీవాహక ప్రాంత అభివృద్ధి పథకానికి 2006లో జపాన్ నుంచి యెన్ రుణం కుదిరింది. అప్పుడు ఇలాంటి రుణాలను చూసినది జపాన్ అంతర్జాతీయ సహకార బ్యాంకు. 2008 అక్టోబరులో ఆ పని జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకాకు మారింది. అందువల్ల 2006 నాటి పత్రాల్లో ఈ రుణాన్ని జైకా పేరుతో వెతికితే దొరకదు. పైగా జపాన్ రుణ సహాయంలో కొంత సాధారణ బడ్జెట్ నుంచి కాక, ప్రభుత్వం ప్రత్యేక పెట్టుబడి, రుణ కార్యక్రమం కింద సేకరించిన సొమ్ము నుంచి వస్తుంది. లెక్కించే పద్ధతి కూడా మారింది. మునుపు రుణం మొత్తాన్ని సహాయంగా చూపి, తిరిగి కట్టినప్పుడు తీసివేసేవారు; 2018 లెక్కల నుంచి రుణంలో గ్రాంటుతో సమానమైన భాగాన్ని, అంటే తేలిక షరతుల వల్ల ఉచితంగా ఇచ్చినట్టయ్యే మొత్తాన్ని మాత్రమే సహాయంగా చూపుతున్నారు. అటువైపు అది సహాయమే అయినా ఇటువైపు అప్పే. 2005 ఏప్రిల్ తర్వాత కుదిరిన విదేశీ రుణాలను కేంద్రం మనలాంటి సాధారణ కేటగిరీ రాష్ట్రాలకు అవే షరతులతో బదిలీ చేస్తోంది కనుక, రూపాయి విలువ పడిపోతే ఆ భారం కూడా రాష్ట్రం మీదే పడుతుంది.

కాబట్టి దేశం మొత్తం అంకెతో మొదలుపెట్టకండి. మీకు తెలిసిన ఒక్క పథకాన్ని తీసుకుని, దాత సంస్థ ప్రచురించే పథకాల జాబితాలో దాని పేరు, ఒప్పందం తేదీ రాసుకోండి. తర్వాత కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ సహాయ లెక్కలు చూసే విభాగం వివరాలతోనూ, రాష్ట్ర బడ్జెట్లో విదేశీ సహాయ ప్రాజెక్టుల పద్దుతోనూ ఏటికేడు పోల్చండి. ఒక్క పథకాన్ని చివరిదాకా వెంబడిస్తే, మిగిలినవాటిలో తేడా ఎక్కడ వస్తోందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మన దేశం ఇతర దేశాలకిచ్చే సహాయం బడ్జెట్లో కనిపిస్తుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: కొంత కనిపిస్తుంది. విదేశాంగ శాఖ పద్దులో దేశాలవారీగా కేటాయింపులు ఉంటాయి. 2025–26 బడ్జెట్లో అన్నిటికన్నా ఎక్కువగా భూటాన్‌కు 2,150 కోట్ల రూపాయలు చూపారు. అయితే ఎగుమతి, దిగుమతులకు రుణాలిచ్చే ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇతర దేశాలకిచ్చే రుణాలు ఆ పద్దులో చేరవు. ఆ సొమ్మును బ్యాంకు మార్కెట్లో సేకరిస్తుంది. మార్కెట్ వడ్డీకీ, ఆ దేశాల నుంచి తీసుకునే తక్కువ వడ్డీకీ మధ్య తేడాను భర్తీ చేయడానికి ప్రభుత్వం ఇచ్చే మొత్తం ఆర్థిక శాఖ పద్దులో ఉంటుంది. రెండు పద్దులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.