పసుపు అంచు కిత్తనార: మెత్తబడే మట్టలు, పచ్చని పిలకలు

రాయగడలో మీరు 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో పెంచుతున్న పసుపు అంచు కిత్తనారకు (అగేవ్ మొక్కకు) వానలు మొదలవగానే కింది మట్టలు మెత్తబడుతున్నాయని, పక్కన పుట్టిన పిలక మాత్రం చారలేమీ లేకుండా పచ్చగా వచ్చిందని రాశారు. పర్లాకిమిడిలో మా డాబా మీద ఈ రెండూ నాకు అనుభవమైనవే.

అడుగు మట్ట ఒకటీ అరా కాగితంలా ఎండితే అది వయసు వల్ల జరిగేదే; నొక్కితే వేలు దిగేటంత మెత్తబడితే మాత్రం మట్టిలోని వేళ్ళు కుళ్ళుతున్నాయని అనుమానించాలి. ఇది మెక్సికో వైపు మెట్ట నేలల మొక్క కనుక మన ఎండను ఓర్చుకుంటుంది గాని, వానాకాలమంతా ఆరని మట్టిని ఓర్చుకోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వస్తుందన్నప్పుడు కుండీలన్నీ గోడవారకు జరిపి, గాలికి పడకపోతే చాలనుకున్నానే తప్ప, అడుగున ఉన్న పళ్ళెం తీయాలని తోచలేదు. పది రోజుల తరువాత పట్టుకుంటే నడిమి మొవ్వు పుల్లని వాసనతో చేతిలోకి ఊడివచ్చింది. చూరు కింద చిన్న మట్టికుండీలో ఉన్న దాని పిలక ఒక్కటే మిగిలింది.

కాబట్టి మీ మొక్కను ఇప్పుడే పైకి తీసి, నల్లబడిన వేళ్ళను కోసివేసి, వారం రోజులు నీడలో ఆరనివ్వండి. తరువాత వేళ్ళకు సరిపడేంత మట్టికుండీలోనే నాటండి. పెద్ద కుండీలో వేళ్ళు అందుకోలేని మట్టి తడిని పట్టి ఉంచుతుంది. నేను రెండు పాళ్ళు ముతక ఏటి ఇసుక, ఒక పాలు ఇటుక ముక్కలు, ఒక పాలు ఎర్రమట్టి కలుపుతాను. నాటిన వారం దాకా నీళ్ళు పోయకండి, ఆపైన మట్టి అడుగుదాకా ఆరిన తరువాతే పోయండి. దీన్ని కలబంద అనుకుని మా పిన్ని రోజూ చెంబెడు నీళ్ళు పోసేది, ఆమెను మాన్పించడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఇక పిలక. పసుపు భాగంలో ఆహారం తయారు చేసే పచ్చదనం ఉండదు గనుక చారల మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. పూర్తిగా పచ్చని పిలక దాన్ని త్వరలోనే మించిపోతుంది. చారలే కావాలనుకుంటే ఆ పిలకను వేరు చేసి మరో కుండీలో పెట్టండి. ఎప్పుడైనా పూర్తిగా పసుపు పిలక వస్తే ముచ్చటపడి కోయకండి, తల్లి నుంచి విడదీస్తే అది బతకదు. చారలున్న పిలకలను జానెడు ఎదిగాక కోసి, గాయం ఆరేవరకు మూడు నాలుగు రోజులు ఆగి నాటవచ్చు. మట్ట ముక్క నాటితే వేరు పోయదు. కోసేటప్పుడు చేతికి తొడుగు తప్పనిసరి: రసంలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, ఒకసారి అశ్రద్ధ చేసి రెండు రోజులు మణికట్టు గోక్కుంటూ గడిపాను.