కొనసాగింపు వీడియో ఆటల్లో పాత సహచరులు మళ్ళీ రావాలా?

రావాలి, కానీ కథలో వారికి కొత్త పని ఉన్నప్పుడే. 2010లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2 అనే ఆట చివరి దాడిలో మన నిర్ణయాలను బట్టి సహచరుల్లో ఎవరైనా చనిపోవచ్చు కనుక, 2012 నాటి మూడవ భాగానికి ప్రతి ఒక్కరూ బతికి ఉన్న కథనూ, లేని కథనూ రెండింటినీ రాయవలసి వచ్చింది. అందులో గ్యారస్, టాలీ అనే పాత సహచరులు మళ్ళీ జట్టులో చేరగలరు. మిరాండా, జాక్ అనే సహచరులు మాత్రం కొద్ది సన్నివేశాలకే పరిమితమయ్యారు, అది నాకు ఇప్పటికీ లోటుగానే అనిపిస్తుంది. ముఖం చూపించడానికే తీసుకువచ్చే పాత్రకన్నా కొత్త పాత్రే మేలు. విజయనగరంలో మా ఇంట్లో ఒకే కంప్యూటర్‌పై ఆడిన మా తమ్ముడి కథలో గ్యారస్ రెండవ భాగంలోనే చనిపోయాడు, నా కథలో చివరిదాకా తోడున్నాడు. మూడవ భాగం గురించి మేమిద్దరం మాట్లాడుకుంటే రెండు వేర్వేరు ఆటల గురించి మాట్లాడుకున్నట్లే ఉంటుంది.