కూలీ ఖాళీగా కూర్చుంటే, దేనికోసం కూర్చున్నాడో అడగండి

పోయిన నెల ఈ శీర్షికలో ‘లీన్’ పద్ధతి గురించి నాలుగు ముక్కలు రాశాను. ఎదురుచూపులు, అక్కరలేని మోతలు, చేసిందే మళ్లీ చేయడాలు తగ్గించి పని ఆగకుండా నడిచేలా చూసుకోవడం దాని సారాంశం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేడమ్, నేను సివిల్ డిప్లొమా చేసి గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్ సైటులో ఇంజినీరుగా ఉన్నాను. జి ప్లస్ ఫైవ్. ప్రతి సోమవారం ఆఫీసు నుంచి వారం ప్లాన్ వస్తుంది. శనివారానికి అందులో సగం కూడా అవదు. “లేబర్‌ని కూర్చోబెట్టి మేపుతున్నావా?” అని మేనేజర్ గారు నా మీద, నేను మేస్త్రీల మీద అరుచుకోవడమే సరిపోతోంది. లీన్ ట్రైనింగ్‌కి పంపితే వెళ్లొచ్చాను. గోడకి రంగు కాగితాలు అతికించాం, అంతే. నిజంగా లేబర్ బద్ధకమేనా?
– ఒక యువ ఇంజినీర్

జవాబు: బాబూ, ముందు ఒక పని చెయ్యి. ప్లాస్టరింగ్ ముఠా ఉన్న ఫ్లోర్‌లో ఒక మూల స్టూలేసుకుని భోజనాల వేళ దాకా కూర్చో. ఫోన్ జేబులో పెట్టుకో, ఎవరినీ ఏమీ అనకు. పది నిమిషాలకోసారి తలెత్తి, మాలు గోడకెక్కుతోందా, ఎక్కించడానికి సరంజామా చేస్తున్నారా, ఊరికే నిలబడి ఉన్నారా అన్నది మాత్రం రాసుకో.

నీకేం కనబడుతుందో దాదాపుగా చెప్పగలను. తాపీ మనిషి చేతిలో తాపీ ఉంటుంది, ముందున్న తట్టలో మాలుండదు. మాలు కలిపే ఆమె బిందె పట్టుకుని కిందికెళ్లింది, పొద్దున మోటారు వేసి డ్రమ్ము నింపేవాళ్లు లేరు కాబట్టి. పడమటి గదిలో గోడ సిద్ధంగానే ఉంది గానీ ఎలక్ట్రీషియన్ ఇంకా గాళ్లు కొట్టి పైపులు వేయలేదు. దాన్ని వదిలి పక్క గదిలోకి పోదామంటే పరంజా విప్పి మళ్లీ కట్టాలి. పరంజా మనిషి మూడో ఫ్లోర్‌లో ఉన్నాడు. నలుగురూ కూర్చుని బీడీ ముట్టించారు. సరిగ్గా అప్పుడే మీ మేనేజర్ గారు మెట్లెక్కి వచ్చారు. ఆయనకు కనబడింది బీడీ ఒక్కటే!

టయోటా కార్ల కంపెనీలో ఈ పద్ధతికి రూపమిచ్చిన తైచీ ఓనో, నేల మీద సుద్దతో గుండ్రం గీసి, ఇంజినీరుని అందులో నిలబెట్టి చూస్తూ ఉండమనేవాడని చెబుతారు. ఆయన ఏడు రకాల వృథా లెక్కగట్టాడు. ఏడూ బట్టీ పట్టక్కర్లేదు. మన సైట్లలో ఎదురుచూపు, మోత, తిరగచేయడం అనే మూడింటిని పట్టుకుంటే చాలా దూరం వెళతావు.

ఇక నీ సగం లెక్క. దానికి సిగ్గుపడకు. అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు 1990ల్లో సైట్ల వెంట తిరిగి, వారం మొదట్లో ఒప్పుకున్న పనుల్లో వారాంతానికి నిజంగా ఎన్ని పూర్తవుతున్నాయో లెక్కపెట్టారు. సగటున 54 శాతమే వచ్చింది. అక్కడ మన అడ్డా కూలీలు లేరు, మన ఎండలూ లేవు. అయినా అదే సగం. లోపం ప్లాన్ వేసే తీరులో ఉందని గ్రహించి బల్లార్డ్ తెచ్చిన పద్ధతి పేరు ‘లాస్ట్ ప్లానర్’. పని చేయించే చివరి మనిషే ప్లాన్‌లో ఆఖరి మాట చెప్పాలి. మన దగ్గర ఆ మనిషి మేస్త్రి.

నువ్వు చేయాల్సింది ఇది. శనివారం బట్వాడాకి మేస్త్రీలందరూ ఎలాగూ వస్తారు. డబ్బు చేతికి రాకముందు ఒక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టు. తాపీ, రాడ్ బెండింగ్, కరెంటు, ప్లంబింగ్, అందరూ ఒకేచోట. ఒక్కొక్కరినీ రెండు ప్రశ్నలడుగు: వచ్చే వారం ఏం పూర్తి చేయగలవు? అందుకు నీకేం కావాలి? అసలు సంగతి రెండోదాన్లో ఉంటుంది. నాలుగో ఫ్లోర్ ప్లాస్టరింగ్ అనుకో. గాళ్లు కొట్టి పైపులు, బాక్సులు బిగించాలి. కాలమ్‌కీ ఇటుకకీ కలిసేచోట ఇనుప వల (జాలీ) కొట్టాలి. కాంక్రీటు ముఖాలకి గాట్లు పెట్టాలి. ద్వారబంధాలు నిలబెట్టి ఉండాలి. ఇసుక జల్లించి ఫ్లోర్ మీదికి చేరాలి, పరంజా, నీళ్లు ఉండాలి. ఒక్కోదానికీ ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయి. ఇదే లిస్టు మూడు వారాల ముందు నుంచే చూసుకుంటూ రా. సోమవారానికి సిద్ధమయ్యే దారి లేని పనిని ప్లాన్‌లో పెట్టకు, ఆఫీసు ఎంత అడిగినా సరే. ఆ ముఠాకి సిద్ధంగా ఉన్న మరో పని చూపించు.

అన్నిటికీ “అలాగే సార్” అనే మేస్త్రి దగ్గర జాగ్రత్త. “ఆ వారం నాకు కుదరదు సార్, మావాళ్లు నాట్లకి ఊరెళతారు” అన్నవాడిని నెత్తిన పెట్టుకో. అతను నీకు వారం ముందే నిజం చెప్పాడు.

మళ్లీ శనివారం లెక్క చూసేటప్పుడు రెండే మాటలుండాలి: అయింది, కాలేదు. “తొంభై శాతం అయింది” అంటే కాలేదనే రాయి. ఆ మిగిలిన పది శాతం వల్లే టైల్స్ మనిషి గదిలో అడుగు పెట్టలేడు. కాకపోతే ఎందుకు కాలేదో ఒక్క ముక్క పక్కన రాయి. ఒప్పుకున్న పనుల్లో ‘అయింది’ అన్నవి ఎంత శాతమో బోర్డు మీద రాయి. ఈ శాతాన్ని చూపి ఎవరి కూలీ కోయకు. కోసిన మరు వారం నుంచి అందరూ చిన్న చిన్న పనులే ఒప్పుకుంటారు, నీ బోర్డు మీద వంద శాతం వెలుగుతుంది, బిల్డింగ్ మాత్రం లేవదు.

నెల గడిచాక ఆ కారణాలు కూడి చూడు. డ్రాయింగ్ ఆలస్యం, మెటీరియల్ రాలేదు, బిల్లు పాస్ కాలేదు అంటూ సగానికి పైగా ఆఫీసు గుమ్మం దగ్గరే తేలితే నేనేం ఆశ్చర్యపోను. ఆ కాగితం మేనేజర్ గారికి మీటింగ్‌లో నలుగురి ముందు చూపించకు. టీ టైమ్‌లో ఒక్కరే ఉన్నప్పుడు చూపించు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. నిజామాబాద్‌లో ఇల్లు కట్టిస్తున్నాను. ధరలు పెరుగుతాయని సిమెంటు, ఇటుక, ఇసుక, టైల్స్ అన్నీ ఒకేసారి దింపించాను. ఇప్పుడు మేస్త్రి మసలడానికి జాగా లేదని గొణుగుతున్నాడు. లీన్ ప్రకారం నేను చేసింది తప్పేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, సగం తప్పు, సగం ఒప్పు. ఇటుక లారీ గేటు దగ్గర దించారనుకోండి. సెప్టిక్ ట్యాంకు తవ్వేటప్పుడు అడ్డమని పక్కకి మోస్తారు, సంపు దగ్గర అడ్డమని మళ్లీ మోస్తారు, చివరికి గోడ దగ్గరికి మోస్తారు. ప్రతి మోతకీ కూలి మీదే, విరిగిన ముక్కలూ మీవే. లారీ వచ్చిన రోజే ఏ గోడకి ఎన్ని కావాలో అక్కడే దింపిస్తే ఈ బాధ ఉండదు.

సిమెంటు మీద వెంటనే దృష్టి పెట్టండి. బస్తా మూడు నెలలు నిల్వ ఉంటే బలం తగ్గడం మొదలవుతుంది, తేమ తగిలితే ఇంకా ముందే. చెక్కల మీద, గోడకి రెండడుగుల ఎడంగా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్పించండి. ముందొచ్చిన బస్తా ముందు వాడించండి. మనవాళ్లు కొత్త లోడు పాతదాని ముందు పేర్చి, చేతికందిందే వాడుతూ పోతారు. అడుగునవి రాళ్లవుతాయి.

ఇసుక మాత్రం మంచి పనే చేశారు. వానాకాలంలో నదుల్లో తవ్వకం ఆపేస్తారు, దొరికినా ధర మండుతుంది. టైల్స్ కూడా ఒకే బ్యాచ్‌వి ఒకేసారి కొనడమే మేలు. తర్వాత పది పెట్టెలు తక్కువైతే అదే పేరు, అదే నంబరు మీద రంగు తేడాతో వస్తాయి. లీన్ అంటే ఇంట్లో ఏదీ నిల్వ ఉండకూడదని చెప్పే కుర్ర కన్సల్టెంట్లు ఒక్క వానాకాలం మన ఊళ్లో ఇల్లు కట్టి చూడాలి. టైల్స్ పెట్టెలు మాత్రం ప్రహరీ పక్కన కాకుండా, స్లాబు అయిపోయి పని లేని గదిలోకి మార్పించండి.

ప్రశ్న: గాజువాకలో ఐదంతస్తుల బిల్డింగ్ కాంట్రాక్టు తీసుకున్నాను. ఇటుక పని అన్ని ఫ్లోర్లూ ముగించి, తర్వాత పైపులు, తర్వాత ప్లాస్టరింగ్, చివర ఫ్లోరింగ్ అనుకున్నాను. ఆలస్యమవుతోంది. తాపీ మనుషుల్ని రెట్టింపు చేస్తే సరిపోతుందా?
– ఒక కాంట్రాక్టర్

జవాబు: మనుషుల్ని పెంచే ముందు వరస మార్చి చూడండి. ఒక్కో పనికి ఫ్లోర్‌కి వారం పడుతుందనుకుందాం. నాలుగు పనులు, ఐదు ఫ్లోర్లు. మీరనుకున్నట్టు ఒకటి మొత్తం ముగిశాక మరొకటైతే 20 వారాలు. అదే, మొదటి ఫ్లోర్‌లో ఇటుక అవగానే ఆ ముఠా రెండో ఫ్లోర్‌కి, వెనకే పైపులవాళ్లు మొదటి ఫ్లోర్‌లోకి దిగితే, కాగితం మీద 8 వారాలు. అవే ముఠాలు, అదే కూలి. మధ్యలో క్యూరింగ్‌కి (నీళ్లు పట్టడానికి), మామూలు ఆటంకాలకి విడుపు కలపండి. పది పన్నెండైనా ఎంత తేడానో చూడండి. ఇంకో లాభం కూడా ఉంది. స్విచ్ బోర్డు ఎత్తులో తప్పుంటే మొదటి ఫ్లోర్‌లోనే బయటపడుతుంది. మీ పద్ధతిలో ఐదు ఫ్లోర్లలో ఒకే తప్పు చేశాక తెలుస్తుంది.

ఈ వరసలో అందరి నడకా ఒకటిగా ఉండాలి. ప్లాస్టరింగ్ ఫ్లోర్‌కి రెండు వారాలు తింటుంటే రెండో ప్లాస్టరింగ్ ముఠాని దింపండి. ఇటుక పని దగ్గర తాపీ మనుషుల్ని రెట్టింపు చేస్తే, ఎవరూ ముట్టుకోని గోడలు పెరుగుతాయి.

ఒక హెచ్చరిక. తొందర పేరు చెప్పి స్లాబు కింద బాదులు, జాకీలు ముందే లాగేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 స్పష్టంగా చెప్పింది: స్లాబు స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) నాలుగున్నర మీటర్ల లోపైతే 7 రోజులు, దాటితే 14 రోజులు కింద దన్ను ఉండాలి. బీములకి ఆరు మీటర్ల దాకా 14, ఆపైన 21. అదీ ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) వాడి, చలి మరీ లేనప్పుడు. పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు) అయితే ఇంకాస్త ఆగాలి, మీ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగండి. కాంక్రీటు గట్టిపడే రోజులు వృథా కింద రావు.

రెడీమిక్స్ వాడుతుంటే ఇంకొకటి. ట్రక్కులన్నీ ఒకేసారి తెప్పించి వీధిలో లైను కట్టించకండి. లోడు చేసిన రెండు గంటల్లోపు దింపాలి. వరసలో ఆఖరి ట్రక్కు డ్రైవరు బిగిసిపోతోందని నీళ్లు కలిపేస్తాడు, మీకు చెప్పడు. ఒక ట్రక్కు ఖాళీ అవడానికి మీ ముఠాకి ఎంతసేపు పడుతుందో మొదటి రెండిట్లో చూసుకుని, ఆ ఎడంతోనే పంపమని ప్లాంటుకి చెప్పండి.

ప్రశ్న: ఇది ఫ్యాక్టరీల కోసం పుట్టింది కదా, కట్టడాల్లోకి ఎలా వచ్చింది? మన దేశంలో దీన్ని పట్టించుకునేవాళ్లున్నారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫిన్లాండ్‌కి చెందిన లౌరి కోస్కెలా అనే పరిశోధకుడు 1992లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండగా రాసిన నివేదికతో ఈ చర్చ మొదలైంది. మరుసటి ఏడాది ఫిన్లాండ్‌లోని ఎస్పోలో పరిశోధకులు మొదటిసారి కూడారు. 1997లో బల్లార్డ్, హోవెల్ లీన్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఎస్పోలో మొదలైన ఆ సదస్సు ఏటా జరుగుతోంది, 2018లో చెన్నైలో జరిగింది. ఐఐటీ మద్రాసులో దీని మీద పనిచేసే ఆచార్యులున్నారు. పెద్ద కంపెనీల్లో కొన్ని వాడుతున్నాయి. చిన్న బిల్డర్ల దగ్గర మాత్రం ఇంకా రంగు కాగితాల దశే.

ప్రశ్న: మేడమ్, మా నాన్న తాపీ మేస్త్రి. మాది శ్రీకాకుళం జిల్లా, ఆయన పని హైదరాబాద్‌లో. వాళ్ల సైటులో కొత్తగా బోర్డు పెట్టి రోజూ పొద్దున అరగంట మీటింగ్ పెడుతున్నారట. “ఆ అరగంట కూలి ఎవడిస్తాడు? వాళ్ల పని తొందరగా అవడానికి మమ్మల్ని పిండుతున్నారు” అంటున్నాడు. నాన్న అన్నది తప్పా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: తప్పేం కాదమ్మా. పొద్దుటి మీటింగ్‌కి పది నిమిషాలు, అదీ నిలబడి, చాలు. అరగంట పడుతోందంటే ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారని అర్థం.

మీ నాన్నగారు చదరపు అడుగు లెక్కన పని ఒప్పుకుని, తన కింద కూలీలకు రోజు లెక్కన ఇస్తుంటే, ఈ మీటింగ్ వల్ల అందరికన్నా బాగుపడగలిగింది ఆయనే. ఇసుక రాక, పరంజా లేక రెండు గంటలు పోతే ఆ రెండు గంటల కూలి ఆయన జేబులోంచే పోతోంది, కంపెనీకి ఒక్క పైసా నష్టం లేదు. అందుకే ఇన్నాళ్లూ ఆ ఎదురుచూపు వాళ్ల కంటికి ఆనలేదు. మీటింగ్‌లో అది బయటికొచ్చి తీరితే అదే మనుషులతో ఎక్కువ అడుగులు తేలతాయి.

అక్కడే మడత పేచీ ఉంది. పని సాగడం చూసి మరుసటి బిల్డింగ్‌లో రేటు తగ్గించే కంపెనీలను నేను చూశాను. అలాంటిచోట మేస్త్రీలు మళ్లీ నోరు మూసుకుంటారు, మూసుకోవడమే న్యాయం కూడా. కాబట్టి రేటు తగ్గించబోమని, కంపెనీ వల్ల పని ఆగిన రోజుకి కూలి ఇస్తామని, రెండూ ముందే కాగితం మీద రాయించుకోమను. మేస్త్రీలు నలుగురూ కలిసి అడిగితే వినే అవకాశం ఎక్కువ.

బోర్డు ఏ భాషలో ఉందో కూడా కనుక్కో. సగం ముఠాలు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవైతే ఇంగ్లీషు రాతలు ఎవరికోసం? ఫ్లోర్ బొమ్మ గీసి రంగు వేస్తే అందరికీ తెలుస్తుంది. తాగేనీళ్లు, బాత్రూమ్ ఎన్ని ఫ్లోర్ల కింద ఉన్నాయో కూడా అడుగు. ఆరు ఫ్లోర్లు దిగాల్సి వస్తే ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. నడకలో పోయే సమయాన్ని వృథా అని ట్రైనింగుల్లో చెబుతారు గానీ, ఈ నడక మాత్రం లెక్కలో కనబడదు.

రేపటి మీటింగ్‌లో నాన్నగారిని ఒక్క ప్రశ్న అడగమను: “మా ఫ్లోర్‌కి తాగేనీళ్ల పైపు ఏ రోజు వస్తుంది?” జవాబిచ్చినవాళ్ల పేరు, చెప్పిన తేదీ బోర్డు మీద రాయమను. ఆ తేదీ దాటాక ఏమైందో నాకు రాయి.